పాచి బర్రెల అడవికి

మా శాలిబండ గ్రంథాలయం కుర్రాళ్ళు ఒక లిఖిత పత్రిక నడుపుతున్నారు. "అడివికి పోయొచ్చినవ్ గదన్నా, పోదామనుకునేటోళ్ళకు పనికొచ్చేటట్టు నాలుగు ముక్కలు రాయి" అని నా వెంటపడ్డారు. పాలు అమ్ముకునేవాణ్ణి, వర్ణనలు నాకు చేతకావు. చూసింది చూసినట్టు రాస్తాను. అడవి బాగుంది. బాగున్నది అదొక్కటే.

మేము షికారుకు పోలేదు. పోయిన ఏడు మా పిల్లవాడికి విషజ్వరం తగిలి, హకీము కూడా చేతులెత్తేసిన రోజున నా భార్య సాయమ్మ మైసమ్మకు మొక్కుకుంది. మా పాలవాళ్ళ ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. ప్రాణం మీదికి వస్తే కొట్టంలోని మేలైన పడ్డను, తొలిచూలు నిలిచాక, అమ్మవారి అడవిలో విడిచిపెడతాం. విడిచిన జీవాన్ని ఇచ్చినవాళ్ళు మళ్ళీ కట్టుకోకూడదు. కట్టుకుంటే దక్కిన ప్రాణం దక్కకుండా పోతుందని భయం. పిల్లవాడు లేచి కూర్చున్నాడు, సాయమ్మ చుక్కిని ఇచ్చేసింది. తల్లి బర్రె ఈనుతూనే చచ్చిపోతే, చుక్కిని వేలు చీకించి, గిన్నెలో పాలు పట్టి సాకింది ఆవిడే. నుదుట తెల్లమచ్చ. పిలిస్తే గల్లీ చివర నుంచి పరుగెత్తుకొచ్చేది. గడ్డి దింపి ఊళ్ళకు తిరిగిపోయే బండ్ల వెంట మా బావమరిది దాన్ని నడిపించుకుపోయి అడవిలో వదిలి వచ్చాడు. ఏడాది తిరిగాక ఇచ్చినవాళ్ళు స్వయంగా వెళ్ళి అమ్మవారి ముందు ఉప్పూ తవుడూ పోసి రావాలి. మా ప్రయాణం అందుకే.

తెల్లవారుజామున పాలు పిండి, వాడుక ఇళ్ళకు పాలు పోసే పని బావమరిదికి అప్పగించి, మా గల్లీ ఖాదర్ జట్కా ఎక్కి నాంపల్లి స్టేషనుకు బయలుదేరాం. ఆరణాలు తీసుకున్నాడు. యుద్ధం మొదలయ్యాక దాణా ప్రియమైంది, బేరమాడి లాభం లేదు. అతను మదీనా వైపు సాఫీ దారి వదిలి సందుల్లోంచి తిప్పుతుంటే ఎందుకని అడిగాను.

"ఆ తోవల ఈ గుర్రాన్ని నాకు అమ్మినాయన ఇల్లుంది అన్నా. మూడేండ్లాయె, ఇప్పటికీ ఆ దర్వాజ ముంగట ఆగుతది. కొట్టినా కదల్దు. నాకెందుకా లొల్లి" అన్నాడు ఖాదర్.

సాయమ్మ తవుడు సంచి ఒళ్ళోకి లాక్కుంది. మూడో తరగతి పెట్టెలో నిలబడే వికారాబాద్ చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. అక్కడి నుంచి అమ్మవారి గుట్ట కిందిదాకా ఎడ్లబండి దొరుకుతుంది, ఆపైన నడకే. వానలు వెనకబట్టిన రోజులు కాబట్టి అడవి నిండా పాచి. చెట్ల మొదళ్ళూ, బండలూ, పడిపోయిన మానులూ అన్నీ ఒకే పచ్చదనంలో మునిగి ఉన్నాయి. చెప్పులు చేతబట్టుకుని నడవడం మేలు, నేను రెండుసార్లు జారిపడి ఆ బుద్ధి తెచ్చుకున్నాను. పగలే అయినా వెలుతురు కిందికి దిగదు. అంత పాత చెట్ల మధ్య ఎవరికైనా గొంతు తగ్గుతుంది.

అమ్మవారి గద్దె దగ్గర ఎల్లయ్య అనే ఆయన ఉన్నాడు. గుడి బాగోగులు చూసేది ఆయనే. ఉప్పూ తవుడూ పోయించి, గద్దె చుట్టూ పరుచుకున్న నల్లటి బండలను చూపించాడు. నిజంగానే పడుకున్న మందలాగే ఉన్నాయి.

"ఇడ్సిన బర్రె అందరి బర్రెల లెక్క చావదమ్మా. అమ్మ తానికొచ్చి పండుకుంటది. వాన కురుస్తది, పాచి పడ్తది, గట్లనే బండైతది. గిది చూడు, కొత్తగున్నది. నుదుట తెల్లగ లేదా? మీదే కావొచ్చు."

సాయమ్మ నమ్మింది. ఆ రాతి పక్కన కూలబడి, పాచి మీద చెయ్యి వేసి నిమురుతూ ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె మొహం తేటపడటం చూసి, అబద్ధమైనా ఎంత మంచి అబద్ధమో అనుకున్నాను. వచ్చేద్దామని లేచాక, పాలు పిండే వేళ పిలిచినట్టు ఒక్కసారి పిలిచింది.

"దా చుక్కీ, దా."

ఎల్లయ్య గుడిసె వెనక నుంచి అరుపు వినిపించింది. మరుక్షణం గూటం పెరుక్కుని, పలుపు ఈడ్చుకుంటూ చుక్కి వచ్చింది. డొక్కలు తేలి ఉన్నాయి, మెడ మీద తాడు ఒరిసిన పుండు. పొదుగు మాత్రం నిండుగా ఉంది. సాయమ్మ భుజంలో తల దూర్చి నిలబడింది.

ఎల్లయ్య సిగ్గుపడలేదు. "పులికి ఇడ్సిపెట్టాల్నా? ఆడ బొగ్గు బట్టీల కాడ పనోళ్ళకు చాయ్‌ల పాలు గావాలె. అమ్మే నాకు అప్పజెప్పింది. గావాల్నంటె తోల్కపోండ్రి, నేను అడ్డం రాను" అన్నాడు.

మేము తోలుకుపోలేమని అతనికి తెలుసు. గొంతు పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది. కానీ నేనూ పాలు అమ్ముకునేవాణ్ణే, ఏ మొహంతో తిట్టను? సాయమ్మతో మెల్లగా అన్నాను, "పలుపు వెయ్యొద్దు. ఊకె నడుద్దాం, అదే ఎంబడొస్తది."

"మన కొట్టంల అడుగు పెడితె కట్టినట్టే గదా. పోరడు ఇంట్ల తిరుగుతుండు, నాకు గంతే చాలు. నువ్వు మాట్లాడకు."

నడక మొదలుపెట్టాం. చుక్కి వెంట వచ్చింది. సాయమ్మ అదిలించింది, మట్టిపెడ్డలు విసిరింది. అది ఆగి, మేము కదలగానే మళ్ళీ వచ్చింది. చివరికి సాయమ్మ ఒక కొమ్మ విరిచి దాని మొహం మీద కొట్టింది. ఒకసారి కాదు. చుక్కి అరవలేదు, పారిపోలేదు, కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. ఎల్లయ్య వెనక నుంచి వచ్చి పలుపు అందుకున్నాడు.

స్టేషనులో బండి కోసం కూర్చున్నప్పుడు సాయమ్మ ఒకే మాట అడిగింది. "కొట్టింది నేనే అని దానికి ఎర్కైతదా?" నేను కాదన్నాను. ఆమె నమ్మలేదు.

ఇది జరిగి నెల దాటింది. పిల్లవాడు దిట్టంగా ఉన్నాడు, గల్లీలో గోలీలాడుతున్నాడు. మొక్కు చెల్లినట్టే. దేవత ఉందో లేదో తేల్చే చదువు నాకు లేదు. ఉంటే, తన పేరు చెప్పుకుని బతికేవాణ్ణి వదిలి, సాకిన తల్లి చేత దెబ్బ కొట్టించిందని మాత్రం కోపంగా ఉంది. సాయమ్మ ఇప్పుడు కొట్టంలో ఏ బర్రెనూ పేరు పెట్టి పిలవదు. మాట లేకుండా పాలు పిండుతుంది, అవి సరిగా చేపి పాలు దించడం లేదు.

పోయేవాళ్ళు వానలు వెనకబట్టాక, పొద్దుటి బండికి పోండి, చీకటి పడకముందే గుట్ట దిగండి. మొక్కుకు జీవాన్ని ఇచ్చినవాళ్ళయితే ఉప్పూ తవుడూ పోసి, కనిపించిన బండకు దండం పెట్టుకుని వచ్చేయండి. అక్కడ పేరు పెట్టి పిలవకండి.