పతకం అంచు మీద పేరు

మొన్న బరంపురంలో మా బావ ఇంటికి భోజనానికి వెళ్తే, హాల్లో కొత్తగా చేయించిన అద్దాల బీరువాలో, ప్లాస్టిక్ పువ్వుల మధ్య, ఆ రెండు సైనిక పతకాలు కనిపించాయి. సోడా సీసా మూతల్లా మెరుస్తున్నాయి. అక్క వంకాయకూర వడ్డిస్తుంటే, బీరువాకి వీపు పెట్టి కూర్చున్నాను. పాతికేళ్లయినా ఆ మెరుపు నాకు గిట్టదు.

అవి మా చిన్నతాతవి, అంటే తాతగారి తమ్ముడివి. పెళ్లయిన ఏడాదికే సైన్యంలో చేరి, బర్మా వైపు యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఒక్క ఫొటో కూడా లేదు. రామయ్యపట్నం దారిలోని మా పల్లెలో మరుగుదొడ్డికి గొయ్యి తవ్విస్తుంటే, ఒకప్పుడు పెంటకుప్ప ఉన్నచోట ఆ పతకాలు పలుగుకి తగిలాయి. పేడ, బూడిద, ఎన్ని పశువుల మూత్రమో ఇంకిన మన్ను; ఆ కంపుకి కూలీలే ముక్కులు మూసుకున్నారు. వాటిని చేత్తో పట్టుకున్నందుకు మా అమ్మ నన్ను నూతి దగ్గరే నిలబెట్టి రెండుసార్లు నీళ్లు గుమ్మరించింది. అప్పటికి నాకు ముప్పయ్యేళ్లు, బరంపురం కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉద్యోగం. అవి అక్కడికెలా చేరాయో చిన్నతాత భార్య, మా చిన్ననాయనమ్మే చెప్పింది. పోస్టులో వచ్చిన రోజునే తనే విసిరేసిందట.

"మనిషెక్కడని అడిగితే బిళ్ళలంపినారు. నానేటి సేసుకోను ఈటిని?" అంది, అటు చూడకుండానే.

బరంపురం తెచ్చి ఎనిమిది రోజులు వాటితోనే కూర్చున్నాను. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం, మెత్తబడ్డ మట్టిని వెదురుపుల్లతో విడదీయడం, మెత్తటి కుంచెతో తుడవడం, మళ్లీ నీళ్లు మార్చడం. చింతపండూ నిమ్మకాయా దగ్గరికి రానివ్వలేదు. పతకం మెరవక్కర్లేదు, చిలుము ఆగితే చాలు. వాసన మాత్రం వదల్లేదు. టిఫిన్ డబ్బా మూత తీసినా అదే. చివరిరోజున అంచు మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు తేలాయి: ఒక నంబరు, పక్కన చిన్నతాత పేరు. ఊరికి తీసుకెళ్లి చదివి వినిపించాను. చదువురాని చిన్ననాయనమ్మ ఆ అక్షరాల మీద తన బొటనవేలు ఆనించమంది. "ఇదేనేట్రా? ఇంకోపాలి సెప్పు," అంది. మొగుడి పేరు తను పలకదు కదా, నాతో మూడుసార్లు చెప్పించుకుంది.

ఆ తరవాతి తప్పు నాదే. వర్తకుల సంఘంవాళ్లు వీరుడి కుటుంబానికి సన్మానం చేస్తున్నారు, ఒక్కరోజుకి ఇమ్మని బావ అడిగితే ఇచ్చేశాను. చిన్ననాయనమ్మని తీసుకుని సభకి వెళ్లేసరికి రెండూ కొత్త రిబ్బన్లతో బావ జుబ్బా మీద వేలాడుతూ ధగధగలాడుతున్నాయి. ముందురోజు వెండి షాపులో మెషిన్ మీద మెరుగు పెట్టించాడట.

"ఆ మురికి బిళ్ళలెట్టుకుని స్టేజీ ఎక్కమంటావేటి?" అని, అతిథులతో ఒడియాలో నవ్వుతూ మాట్లాడటానికి వెళ్లిపోయాడు.

సభయ్యాక పతకాలు తీసి చిన్ననాయనమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది. మళ్లీ తిప్పింది. నున్నగా జారింది.

"పేరేదిరా?" అని నన్నడిగింది, బావని కాదు.

ఆవిడ రెండింటినీ బావకే తిరిగిచ్చేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఆరోజు బావ మీద పుట్టిన రోత ఇప్పటికీ పోలేదు. అడగ్గానే ఇచ్చిన నా చేతిమీద పుట్టింది అంతకంటే ఎక్కువ.

ఆవిడ పోయి కూడా చాలా ఏళ్లయింది. ఏదైనా పాతబడి పాడైతే కాలం తినేసిందని అందరూ అంటుంటారు, నేను మాత్రం అనను. యాభై ఏళ్లపాటు పెంటమట్టిలో ఆ పేరుని ఒక్క అక్షరం పోకుండా దాచింది కాలమే.