సున్నపు చిలకల గ్రంథాలయం

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక ఫోటో చూపించి, గుంటూరులో మీ పాత గ్రంథాలయానికి కొత్త రంగులు వేశారు చూడు అంటే, కళ్లజోడు సవరించుకుని నేను ముందుగా వెతికింది ద్వారం మీది సున్నపు చిలకలను. రెండూ ఉన్నాయి, పచ్చగా నవనవలాడుతూ. ప్రాణం లేచొచ్చింది.

ఆ భవనం కట్టేనాటికి మా నాయనమ్మ కొత్తకోడలట. పిడుగురాళ్ల నుంచి బండ్లమీద దిగిన సున్నంలో బెల్లంనీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి నూరిన ఆడవాళ్లలో ఆవిడా ఒకతె. ఆ సున్నంతోనే చిలకలూ లతలూ కమానులూ తీర్చారు. తీరా కట్టడం పూర్తయ్యాక, చదువు రానిదాన్ని నాకక్కడేం పని అని ఆవిడ ఆ గడప తొక్కనేలేదు.

యాభైల చివర్లో నేను హైస్కూల్లో ఉండగా, మా ఇంటి ఆడపిల్లల్లో మొదటిసారి నాకు అక్కడ కార్డు దొరికింది. పుస్తకానికి పురుగు పడితే కార్డు తీసేస్తామని లైబ్రేరియన్ గారు ముందే హెచ్చరించారు. కార్డు పోతే నాకు ప్రాణం పోయినట్టే. నా దిగులు చూడలేక నాయనమ్మ, కందిపప్పు డబ్బాలో వేసినట్టే, నేను తెచ్చుకున్న లావుపాటి నవలలో పేజీపేజీకీ ఎండుమిరపకాయలు పెట్టి, అది ఉబ్బి మూతపడకపోతే పైన రోటి పొత్రం ఎక్కించింది. పొద్దున్నే కాయలు తీసేసింది గానీ, పొడి ఎక్కడికి పోతుంది!

నవల తిరిగిస్తే, లైబ్రేరియన్ గారు అలవాటు ప్రకారం పురుగేమైనా ఉందేమోనని దాన్ని ఫ్యాను కింద బల్లకేసి రెండు దెబ్బలు కొట్టారు. అంతే, పేపర్లు చదువుకుంటున్న ప్లీడర్లు, మేష్టర్లు, ముక్కుపొడుం అలవాటున్న పెద్దలతో సహా హాలంతా తుమ్ములే తుమ్ములు. నిశ్శబ్దం పాటించవలెనన్న బోర్డు కింద నిలబడి ఆయనే అందరికన్నా గట్టిగా తుమ్మారు.

"ఎవరమ్మా ఈ పని చేసింది? రేపు వెంటబెట్టుకురా, అప్పుడు చూద్దాం నీ కార్డు సంగతి" అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు నాయనమ్మ మంగళగిరి చీర కట్టుకుని బయల్దేరింది. వాకిట్లో ఆగి చిలకలకేసి కాసేపు చూసి, లోపలికొచ్చి దబాయించింది.

"ఆ చిలకలకు సున్నం నూరింది నేనేనయ్యా. వాటికే పగులు రానివ్వలేదు, మీ పుస్తకానికి పురుగు రానిస్తానా?"

ఆయన నవ్వాపుకోలేక ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నా కార్డు నాకిచ్చేసి, ఇంకో కార్డు మీద ఆవిడ పేరు రాసి వేలిముద్ర వేయించుకున్నారు. అప్పటినుంచి నాకు రెండేసి పుస్తకాలు. ఆవిడ వంతుది మాత్రం నేను పైకి చదివి వినిపించాలి. మిరపకాయల తొడిమలు తీస్తూ వినేది. కథలో అత్త చెడ్డదైతే ససేమిరా ఒప్పుకునేది కాదు.

ఇప్పుడా హాలు నిజంగానే నిశ్శబ్దంగా ఉంటుందట, వచ్చేవాళ్లు తగ్గిపోయి. రంగులేసినవాళ్లకు తెలియదు గానీ, ఆ పచ్చదనం కింద ఉన్నది మా నాయనమ్మ చేతి సున్నం. ఒక్కసారి వెళ్లి, ఏదైనా పాత నవల తెరిచి, కరువుతీరా తుమ్మాలనుంది.