డాబా మీది గాలిమిషను

మా పక్కింటి పెద్దమ్మ మొన్న తెల్లవారుజామున పోయింది. నిద్రలోనే గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. ఏళ్లుగా ఊపిరాడక ఇబ్బంది పడుతున్న ఆమె భర్త పెద్దబాపు పక్కనే కూర్చుని, "ముందు పోవాల్సింది నేను గద, ఇదేంది గిట్ల జేసింది?" అని వచ్చినవాళ్లందరినీ అడుగుతున్నాడు. మా గోదావరిఖని వీధంతా ఆయన చుట్టూ చేరింది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. నేను టీచరుగా ఈ వీధికి అద్దెకు వచ్చిన రోజే గిన్నెలో పప్పు పట్టుకొచ్చి, "మూత తియ్యంగనే తినాలె బిడ్డా, లేకుంటె బొగ్గు కలుస్తది" అంది. అప్పుడే ఆమె నాకు పెద్దమ్మ అయిపోయింది.

మా వీధి గుండానే బొగ్గు లారీలు పోతాయి. అందుకే ఇక్కడ అందరికీ కప్పే అలవాటు. కూలరుకు గుడ్డ, టీవీకి గుడ్డ, నీళ్ల బిందెకు మూత మీద మూత. పెద్దమ్మ అందరికన్నా ఒక ఆకు ఎక్కువే చదివింది. కుట్టుమిషనుకు, పెద్దబాపు సైకిలుకు, చివరికి తులసి మొక్కకూ పాత చీర ముక్కలు కట్టేది. డాబా మీదికి పాకిన చిక్కుడు తీగను మాత్రం కప్పలేక, పొద్దున్నే దాని ఆకులు చెంబు నీళ్లతో కడిగేది. "మొఖం కడుగకుంటె అదెట్ల కాస్తది?" అనేది.

ఆ అలవాటే ఒకసారి మా కొంప ముంచబోయింది.

దుమ్ము భరించలేక మేమంతా అర్జీలు పెట్టగా పెట్టగా, గాలి కొలిచే మిషనొకటి తెచ్చి పెద్దమ్మ డాబా మీద పెట్టారు. అది గాలిని లోపలికి పీల్చి, అందులోని దుమ్మును తెల్లటి కాగితం మీద పట్టి ఉంచుతుంది. వచ్చిన అధికారి ఓపికగా వివరించాడు. గాలిలో దుమ్ము ఎంతవరకు ఉండొచ్చో చట్టం ఒక హద్దు పెట్టింది. అది దాటిందని తేలితే లారీలకు టార్పాలిన్ కట్టించొచ్చు, రోడ్డు తడిపించొచ్చు. దాటకపోతే గట్టిగా అడగడానికి మా చేతిలో ఏమీ ఉండదు. పెద్దమ్మ తలూపుతూ విని, ఆయనకు చాయ్ ఇచ్చి పంపింది. ఆ వెంటనే పైకెళ్లి, కొత్త మిషను పాడవుతుందని తన పాత చీర మడతలు వేసి దానికి కప్పేసింది.

మరునాడు ఆయన వచ్చేసరికి చీర తీసి లోపల పెట్టింది. కాగితం తెల్లగా ఉంది. గాలి హద్దులోపలే ఉందన్నారు. వీధి వీధంతా నీరుగారిపోయింది. పెద్దమ్మ ఒక్కతే మెరిసిపోతూ నా చెవిలో, "సూశినవా, ఒక్క నలుసు పడనియ్యలే" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏం జరిగిందో విడమరచి చెప్పాను. ఆమె చీర కోసం లోపలికి నడిచింది. లోపల పెద్దబాపు దగ్గుతున్నాడు.

అధికారి అప్పటికే మిషనును జీపులో ఎక్కిస్తున్నాడు. పెద్దమ్మ చీర తెచ్చి ఆయన ముందు పరిచింది. అంతా నల్లగా ఉంది.

"దుమ్మంత దీని మీదున్నది సారూ. తప్పు నాదే. మళ్ల కొలువుండ్రి."

"వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా."

"గప్పటిదాక మా ముసలాయన ఊపిరి ఆగుతదా? హద్దు పెట్టింది మా పానం కోసమే అంటిరి గద!"

ఆయన చీరను చూశాడు, పెద్దబాపు దగ్గు విన్నాడు. మిషను మళ్లీ డాబా ఎక్కింది. ఈసారి పెద్దమ్మ పక్కనే పీట వేసుకుని కాపలా కాసింది, కాకిని కూడా వాలనివ్వలేదు. కాగితం నల్లగా వచ్చింది. హద్దు దాటిందని రాసిచ్చారు. దాన్ని పట్టుకుని తిరగగా తిరగగా లారీలకు టార్పాలిన్‌లు వచ్చాయి, రోడ్డు మీదికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. మిషను కూడా అక్కడే ఉండిపోయింది.

ఎప్పుడైనా టార్పాలిన్ లేని లారీ వస్తే ఆమె గేటు దగ్గర నుంచే కేకేసేది. "ఓ తమ్మీ, నీ లారీ కొంగు జారింది, జల్ది కప్పు!" డ్రైవర్లు నవ్వుకుంటూ దిగి కట్టుకునేవాళ్లు. మాకేమో, "కప్పాల్సింది మిషన్ను కాదు, లారీని. నేను సిగ్గువడి నేర్సుకున్న, మీరు ఊకెనే నేర్సుకోండ్రి" అని చెప్పేది. ఇప్పుడు నేను వీధి చివరి బడిలో కిటికీలు తెరిచి పాఠం చెబుతున్నాను. అది ఆమె పుణ్యమే. దుమ్ము పూర్తిగా పోలేదు, కానీ ఎలా అడగాలో మా వీధికి తెలుసు. ఇక వదలం.

మొన్న ఇంటి ముందు షామియానా కడుతూ, ఎవరో చుట్టాలు డాబా మీది మిషనుకు దుమ్ము పడకుండా దండెం మీద ఆరేసిన చీర కప్పారు. కింద కూర్చున్న పెద్దబాపు తలెత్తి చూశాడు.

"గా చీర తియ్యుండ్రి," అన్నాడు ఆయాసపడుతూ. "లేశొచ్చి తిడతది."

నేను పైకెళ్లి తీశాను. మిషను గుంయ్‌మంటూ గాలి పీల్చుకుంటోంది. పక్కనే చిక్కుడు తీగ. ఆ పొద్దున దాని మొఖం ఎవరూ కడగలేదు. అయినా ఆకులు పచ్చగానే ఉన్నాయి.