డ్యూటీ అప్పజెప్పనిదే కదలని మనిషి

మా బాబాయిని అందరూ బాయిలర్ బాబాయి అనేవాళ్లు. బొగ్గు కాల్చి కరెంటు తీసే కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు నిప్పును కంటికి రెప్పలా కాచుకున్నాడు. అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. షిఫ్టు దిగేవాడు "నిప్పు బతికే ఉంది" అనాలి. ఎక్కేవాడు బాయిలర్ గోడ మీద అరచెయ్యి ఆనించి "నేనున్నాను, నువ్వెళ్లు" అనాలి. ఆ మాట వినేదాకా బాబాయి కాలు కదిపేవాడు కాదు. పిన్నికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చిన రోజు కూడా, రావలసినవాడు రాలేదని మూడు గంటలు అక్కడే నిలబడ్డాడు. పిన్ని బతికున్నన్నాళ్లూ ఆ సంగతి దెప్పుతూనే ఉంది.

కేంద్రం పాతబడి మూతపడింది. అప్పటికే బొగ్గు దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. నేను సోలార్ మైదానంలో టెక్నీషియన్ని. పైవాళ్లని బతిమాలి, అక్కడే ఆయనకు మీటర్లు చూసి రాసే పని ఇప్పించాను.

"నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ రెండూ లేకుండా కరెంటొస్తుందట" అని మొదటిరోజే ఎగతాళి చేశాడు.

సోలార్ పలక మీద ఎండ పడితే చాలని చెప్పాను. గుట్ట మీద మరల్ని గాలి తిప్పుతోందనీ, కాలువ దగ్గర చక్రాన్ని నీళ్లు తిప్పుతున్నాయనీ, ఎంత వాడినా ఇవి తరగవనీ చెప్పాను. "నీ బొగ్గు కూడా ఒకప్పటి ఎండే బాబాయ్. ఎండ తాగి పెరిగిన చెట్లే భూమిలో కూరుకుపోయి బొగ్గయ్యాయి."

బాబాయి తలెత్తి, కళ్లు చికిలించి ఎండ వైపు చూశాడు.

"అయితే తాజాది నెత్తి మీదే ఉండగా, ఇన్నేళ్లూ నిలవ ఎండ కాల్చానన్నమాట" అన్నాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి రాలేదు. వెతుక్కుంటూ వెళితే మీటర్ల గది ముందు స్టూలు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"తర్వాతివాడు ఇంకా రాలేదమ్మా. డ్యూటీ ఎవరికి అప్పజెప్పను?"

"ఎవరూ రారు బాబాయ్. పొద్దున్నే ఎండ దానంతటదే వస్తుంది. లే" అని కసిరాను.

లేచాడు గానీ ఆ మాట ఆయనకు మింగుడుపడలేదు. రోజూ బయలుదేరేముందు గేటు వైపు ఓసారి చూసేవాడు. నేను విసుక్కునేదాన్ని. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండేళ్లకు మంచం పట్టాడు. మా డాబా మీది పలకల కరెంటుతోనే ఆయన ఆక్సిజన్ మెషీన్ నడిచేది. ఇక రోజులే అన్నాడు డాక్టరు. బాబాయి మాత్రం నడుం వాల్చడు. గోడకు ఆనుకుని కూర్చుని, మెషీన్ వైపు, గుమ్మం వైపు మార్చి మార్చి చూస్తాడు. పడుకోమంటే తల అడ్డంగా ఊపుతాడు. నొప్పేమో అనుకుని మందులు మార్పించాను. నాలుగో రోజు మధ్యాహ్నం గానీ నా మొద్దు బుర్రకు వెలగలేదు. అది గేటు వైపు చూసే చూపే.

మెషీన్ పక్కన కూర్చుని దాని మీద అరచెయ్యి ఆనించాను. గోరువెచ్చగా ఉంది.

"చెప్పు బాబాయ్" అన్నాను.

నా చేతినే చూశాడు. ఒక్కో మాటా కూడదీసుకున్నాడు. "నిప్పు... బతికే ఉందమ్మా."

"నేనున్నాను. నువ్వెళ్లు."

బాబాయి మెల్లగా జారి, దిండు మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. కిటికీలోంచి ఎండ ఆయన కాళ్ల మీద పడుతోంది. నేను చెయ్యి తియ్యలేదు.