కొత్తగూడ కుంట మీద ముప్పై ఒక్క పోగులు

జనగామలో డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పాను. ఆర్థిక న్యాయం పాఠం వచ్చినప్పుడల్లా ఒకే ఉదాహరణ. కొత్తగూడ అడవుల్లో ఒక తండా ఉంది. ఎండాకాలం కుంట అడుగంటాక అందరూ కలిసి చేపలు పట్టి పోగులు పెడతారు. ఒకరు పోగుల వైపు వీపు పెట్టి నిలబడతారు. ఇంకొకరు ఒక్కో పోగును కర్రతో చూపించి ‘ఇది ఎవరిది?’ అంటే, వీపు తిప్పినవారు ఒక పేరు పిలుస్తారు. ఏ పోగు ఎవరికి పోతుందో పెట్టేవాడికి ముందు తెలియదు కాబట్టి అన్నీ సమానంగానే పెడతాడు. మన స్థానం ఏదో మనకే తెలియకుండా ఒక తెర వెనుక నిలబడి నియమాలు చేసుకుంటే అవే న్యాయమైనవని ఉదారవాద పండితులు లావుపాటి పుస్తకాల్లో రాసింది ఈ తండా వాళ్లు చేపలతో తేల్చేశారు, కుంట ఉమ్మడిది కనుక సోషలిస్టులకూ పేచీ లేదు అని ముగించేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్లు. పరీక్షలో నాకే తిరిగి రాసేవాళ్లు. మార్కులు నేనే వేసేదాన్ని.

ఆ కుంటను నేనెన్నడూ చూడలేదు. స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ ఒక సహోద్యోగి చెప్పాడు, అంతే. రెండో ఏడాదికి ‘ఒక తండాలో ఇలా చేస్తారట’ అన్నది ‘నేను చూశాను’గా మారింది. నా పాత విద్యార్థిని స్వరూప ఇప్పుడు భూపాలపల్లిలో కాంట్రాక్టు లెక్చరర్. సోషలిజానికీ ఉదారవాదానికీ రాజీ కుదురుతుందా అని ఒక వ్యాసం రాసి, అందులో నా చేపలను నడిమధ్యన పెట్టింది. ‘రచయిత దీన్ని స్వయంగా చూశారా?’ అని పత్రిక వాళ్లు అడిగారట. “మేడం, మీరు చూసిండ్రు కదా?” అని ఫోన్ చేసింది. అబద్ధానికి ముప్పై ఏళ్లు నిండితే దానికీ పింఛను రావాలి. ఏప్రిల్‌లో బయలుదేరాం.

జనగామలో ఆరు దాటాక రైలెక్కితే కాజీపేట, వరంగల్ మీదుగా రెండు గంటల పైచిలుకులో మహబూబాబాద్. ఊళ్లో మానుకోట అంటేనే తొందరగా అర్థమవుతుంది. స్వరూప ముందు రోజే వచ్చి స్టేషన్ బయట నిలబడి ఉంది. ఇడ్లీ తిని తొమ్మిదింటికి గూడూరు మీదుగా పోయే కొత్తగూడ బస్సెక్కాం. హైదరాబాద్‌లో అద్దాల మేడల మధ్య ఒక కొత్తగూడ ఉంది, ఫోన్‌లో దారి వెతికితే మిమ్మల్ని అక్కడికే తోలుతుంది, జాగ్రత్త. తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కానీ కండక్టర్‌కు కార్డు చూపాలి.

“అవ్వా, ఆధార్?”

“నా మొఖం చూస్తే ఆడదాన్నని తెల్వదా నాయినా?”

“ఆడోళ్లని తెలుస్తది అవ్వా. తెలంగాణోళ్లని తెల్వాలె కదా!”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి కార్డు తీశాను. సరైన మాటే అన్నాడు. అది ఎంత సరైన మాటో మధ్యాహ్నానికి గాని నాకు తెలియలేదు.

కొత్తగూడ నుంచి తండాకు ఆటో, పోను రాను, ఆగడంతో కలిపి ఐదు వందలు. మేం చేరేసరికి పదకొండున్నర. కుంటలో మోకాలి లోతు బురద మిగిలింది. గట్టు మీద మోదుగాకులు పరిచి చేపలు పోగులు పెడుతున్నారు. తండా పెద్దమనిషి లచ్చిరాం తలపాగా సర్దుకుంటూ, ఒక పోగులోంచి చిన్న చేప తీసి ఇంకో పోగులో వేసి, మళ్లీ వెనక్కి తీసి, కంసాలి కన్నా ఎక్కువ ఆలోచిస్తున్నాడు. ముప్పై ఏళ్లు నేను చెప్పింది అచ్చం అలాగే ఉంది. సిగ్గు పోయి గర్వం వచ్చింది.

మేమెందుకొచ్చామో స్వరూప చెప్పగానే లచ్చిరాం ముఖం వెలిగింది. “ప్రతి యేడు మా అల్లుడు పిలుస్తడు. కుమ్మక్కయిండ్రని అంటరు. మీరైతే ఎవ్వలకు సుట్టం కాదు. జర మీరే పిలువుండ్రి అమ్మా. గని ఎనకకు మల్లి సూడొద్దు.”

“ఈ వయసుల నా మెడ తిరగదులే నాయినా, పరేషాన్ గాకు,” అన్నాను.

నోటుబుక్కు కాగితం చేతిలో పెట్టారు. నీలం సిరాతో పేర్లు. ఏ వరుసలోనైనా పిలవొచ్చట. కుంటకు వీపు పెట్టి, అడవి వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. “గిది ఎవ్వలది?” అని వెనకనుంచి కేక. నేనొక పేరు పిలవడం, ఎవరో నవ్వడం, ఎవరో వాళ్ల భాషలో ఎత్తిపొడవడం, మళ్లీ కేక. అన్ని పేర్లూ పిలిచాను. ఇంత సంతోషంగా నేను ఏ పాఠమూ చెప్పలేదు.

తిరిగి చూస్తే అందరూ తమ పోగుల దగ్గర ఉన్నారు. ఒక నడివయసు ఆమె మాత్రం ఖాళీ సత్తుగిన్నె పట్టుకుని, నా వైపు చూస్తూ నిలబడి ఉంది. పేరు కమిలి అని తర్వాత తెలిసింది. తండాలో ఇళ్లు ముప్పై రెండు. పోగులు ముప్పై ఒకటి.

“గామెకేది?” అని స్వరూప అడిగింది.

“నిరుడు వానలకు కట్ట తెగితే ఇంటికొకరం పదకొండు దినాలు మట్టి మోసినం,” అన్నాడు లచ్చిరాం. “రానోళ్లకు పోగు లేదని గప్పుడే అనుకున్నం. గామె ఇంట్ల నుంచి ఎవ్వలు రాలే.”

“నేను వరంగల్ దవాఖానల ఉంటిని,” అంది కమిలి. గొంతు పెంచలేదు. “ఆయన నడుమిరిగి మంచాన వడ్డడు. ఎవర్ని పంపాలె? అన్నం పోతలేదు, చేప పులుసంటున్నడు.”

“రాకపోవుడు గామె తప్పా బాపూ?” అంది స్వరూప.

“తప్పని నేనన్ననా? ఇయ్యాల దవాఖాన. రేపు ఒకడు జరమంటడు, ఇంకొకడు పెండ్లంటడు. కట్టకు మట్టెవడు మోస్తడు బిడ్డా?” అని నా వైపు తిరిగాడు. “మీరు పెద్ద సదువు సదివిండ్రు. ఏది న్యాయమో మీరే చెప్పుండ్రి అమ్మా.”

నిజంగానే అడిగాడు. చేపలెత్తబోయిన ఆడవాళ్లు ఆగారు. నేనొక్క మాట అంటే ప్రతి పోగులోంచీ ఒక్కో చేప కమిలి గిన్నెలో పడేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ నేను పంతులమ్మను. కష్టపడిన వాళ్లకే ఫలం అనేది ఒక వాదన అన్నాను. తన చేతిలో లేని దురదృష్టానికి మనిషిని శిక్షించకూడదనేది ఇంకొకటి, అందులోనూ బలముంది అన్నాను. మొదటిదానికి రెండోదాని జవాబు, దానికి మళ్లీ మొదటిదాని జవాబు చెప్పాను. అవసరాన్ని బట్టి పంచాలనే మూడో వాదానికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే చేపలు గంపల్లోకెత్తుకుని ఇళ్లకు పోయారు. నేను ముగించేసరికి మోదుగాకుల మీద పొలుసులు మిగిలాయి.

“మంచిగ చెప్పిండ్రు అమ్మా,” అన్నాడు లచ్చిరాం మర్యాదగా. “వచ్చే యేడు కట్టకు రానీ, సూద్దాం.”

“వచ్చే యేడుకు ఆయన ఉండాలె కదా,” అని కమిలి గిన్నె చంకన పెట్టుకుని నడిచింది.

పేర్లు పిలిచిన వాళ్లకు రెండు చేపలు ఇవ్వడం ఆనవాయితీ. నా సంచిలో పెట్టారు. వాటిని పట్టుకుని ఆమె వెనకే గుడిసె దాకా పోయాను. లోపల మంచం మీద మనిషి దగ్గుతున్నాడు. ఆమె గడపలోనే నిలబడి సంచిని నా వైపే తోసింది.

“గవి మీ చేపలమ్మా. ఆయనకైతే గూడూరు అంగడి నుంచైనా తెస్త. నా పేరు పిలుస్తరేమోనని నిలవడ్డ. ఆఖరు దాంక నిలవడ్డ. కాయితం మీ చేతులనే ఉండె.”

ఆటో వాడు కొత్తగూడలో దించుతూ, “ఎండకు మురుగుతయ్ అవ్వా, ఎవ్వలకన్న ఇయ్యుండ్రి,” అన్నాడు. ఇవ్వబోయిన చోట తీసుకోలేదని వాడికేం చెప్పను. పాకాల అడవి మీదుగా నర్సంపేట, అక్కడ బస్సు మారి ములుగు, మళ్లీ మారి స్వరూప ఉండే భూపాలపల్లి. చేరేసరికి దీపాలు పెట్టే వేళ. బొగ్గు లారీలు వరసగా పోతుంటే దుమ్ము, పక్కన నా సంచి వాసన. ఇంటికెళ్లి స్వరూప ఆ చేపలు పులుసు పెట్టింది. తిన్నాను. బాగుంది. నా బాధంతా అదే.

మర్నాడు ఆమె కాలేజీలో సదస్సు. నేను అధ్యక్షురాలిని. స్వరూప వ్యాసం చదివి, చేపల దగ్గర ఆగి, కొత్తగా రాసిన ఒక వాక్యం చేర్చింది: ‘మా అధ్యాపకురాలు స్వయంగా పేర్లు పిలిచారు, ఒక ఇంటి పేరు జాబితాలో లేదు.’ ఇది పంపిణీ సమస్యా, సభ్యత్వ సమస్యా అని ఎవరో లేచి అడిగారు. మంచి ప్రశ్నే. నాకు వెంటనే మూడు జవాబులు తట్టాయి. ఒక్కటీ చెప్పలేదు. ఎలా పంచాలన్న దాని మీద నా జన్మంతా గడిచింది. పంచేముందు ఎవరిని లెక్కలోకి తీసుకున్నారో అడగాలన్న సంగతి సత్తుగిన్నె పట్టుకున్న మనిషి చెబితే గాని తెలియలేదు. తెర వెనుక నిలబడితే ఎవరికీ అన్యాయం చేయలేమని పిల్లలకు చెప్పాను. తెర వేసేముందే ఒకరిని బయట నిలబెట్టి ఉంటే, ఆ తెర ఆమె కనపడకుండా చేయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

అటు పోయేవాళ్లకు ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పదింటిలోపు తండా చేరితే చేపలు పట్టడం కూడా చూడొచ్చు. మీరు ఎవ్వలకూ సుట్టం కారు కనుక కాగితం మీ చేతిలోనే పెడతారు. తీసుకోండి, అది గౌరవం. కానీ వీపు తిప్పకముందే పోగులు లెక్కపెట్టండి, తర్వాత గట్టు మీద ఉన్న గిన్నెలు లెక్కపెట్టండి. రెండూ కలవకపోతే ఒక్క పేరూ పిలవకండి.