సైట్‌లో పెట్టిన మంద

రాష్ట్రం విడిపోవడానికి రెండు మూడేళ్ల ముందు, కోదాడ దగ్గర ఒక సున్నపురాయి గనిలో నాది కంప్యూటర్ కొలువు. పర్యావరణం కోసం కంపెనీ ఏమేం చేస్తోందో వెబ్‌సైట్‌లో పెట్టాలి. షేర్లు కొన్నవాళ్లు, బ్యాంకులవాళ్లు, సర్కారువాళ్లు చూస్తారట. మా ఊళ్లో దాన్ని చూసే నాథుడే లేడు. అందుకే నేనూ చేతికొచ్చింది రాసేవాణ్ని.

తవ్వి వదిలేసిన గుంతలో వాననీళ్లు గట్టు దాకా నిలిచాయి. మా మేనమామ తన గొర్రెల మందను అక్కడికే తోలేవాడు. ఫోటో తీస్తానంటే తలరుమాలు సర్దుకుని మంద మధ్యలో నిలబడ్డాడు. "గ్రామ పశువులకు కంపెనీ నీటి వసతి" అని కింద రాసి సైట్‌లో పెట్టాను. మా పెద్దసారు భుజం తట్టాడు. నేను ఉబ్బిపోయి, మామను కోదాడ నెట్ సెంటర్‌కు తీసుకుపోయి మరీ చూపించాను.

ఎండలు ముదిరి నీళ్లు కిందికి పోయాయి. నిట్టనిలువు గట్టు దిగబోయి నాలుగు గొర్రెలు జారిపడి చచ్చాయి. గుంతలోకి వాలుగా బాట తీయించమని మామ ఆఫీసుకొచ్చాడు. చుట్టుపక్కల ఇంకెక్కడా నీళ్లు లేవు, అవి కూడా అందకపోతే మంద బతకదు. పెద్దసారు మాత్రం, పశువులను మేమెప్పుడూ అక్కడికి రానివ్వలేదు, నువ్వే దొంగచాటుగా తోలావన్నాడు.

"గట్లెట్లంటరు సారూ? నా గొర్లు నీళ్లు తాగే ఫోటో మీ కంప్యూటర్లనే ఉన్నది. మా అల్లుణ్ని అడుగుండ్రి," అన్నాడు మామ ధీమాగా.

ఆ ఫోటోను పెద్దసారు ఆ పొద్దునే నా చేత తీసేయించాడు. ఆ సంగతి మామకు తెలియదు.

పెద్దసారు నా వైపు తిరిగాడు. "చెప్పవయ్యా, మనం అలాంటి ఫోటో ఎప్పుడైనా పెట్టామా?"

ఇల్లు గడిచేది నా జీతంతోనే. మామ ముఖం చూడకుండా, "లేదు సార్," అన్నాను.

మామ తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే నేనే పొరవడ్డట్టున్న సారూ. కండ్లు సరిగ కనవడ్తలేవు. గది ఏరే ఊరి మందేమో," అని గొంగడి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నా కొలువు పోకూడదని తన మాట తనే మింగేశాడు. బతుకులో అంత సిగ్గు నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

బాట తీయలేదు. వారం తిరగకుండానే గుంత చుట్టూ ముళ్లకంచె వేశారు. దాని ఫోటో తీసే పని కూడా నాదే. నేను వెళ్లేసరికి మామ మంద కంచె బయట గుమిగూడి నీళ్ల వైపు చూస్తోంది. గొర్రెలు ఫోటోలోకి రాకుండా కెమెరా పక్కకు తిప్పి తీశాను. "పశువుల భద్రత కోసం కంపెనీ కంచె" అని కింద రాసి సైట్‌లో పెట్టాను.