ఆపని మిషన్‌లో పదకొండు సెకన్లు

దయ్యాలు, గాలి సోకడం లాంటివి నేను ఎన్నడూ నమ్మలేదు. శ్మశానం పక్క చేనులో మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే అల్లం తవ్విన మనిషిని. అక్కడ కూడా నా భయమంతా పాములతోనే. చదువు నాకు నలభై ఎనిమిదో ఏట వచ్చింది. ఇప్పుడు నా చేత్తో రాయగలను కాబట్టి, ఈ సంగతి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఎనభైల్లో జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన ఒక చిన్న కార్ఖానా ఉండేది. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించే ఇనుప పిన్నులు చేసేవారు. నేను చిరాగ్‌పల్లి నుంచి బస్సులో వచ్చి అక్కడ పరీక్ష గది ఊడ్చి, తుడిచేదాన్ని. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ జీతం తప్ప మాకు వేరే ఆధారం లేదు.

ఆ గదిలో మనిషి కంటే ఎత్తైన లాగుడు మిషన్ ఉండేది. కొత్త ఉక్కు వచ్చినప్పుడల్లా అందులోంచి వేలంత లావు కమ్మి ముక్క కోసి, మిషన్‌లో పైనా కిందా బిగించి, తెగేదాకా లాగేవారు. ఎంత బలానికి తెగిందో చూసి ఉక్కు పనికొస్తుందో లేదో చెప్పేవారు. తెగిన రెండు ముక్కలనూ సరిగ్గా ఆనించి తీగతో కట్టి పెట్టడం కూడా నా పనే.

మిషన్ నడిపేది ఖాజా భాయ్. కమ్మి ఎంత సాగుతుందో తెలియడానికి దానికి గడియారంలా ముల్లు తిరిగే ఒక డయల్ బిగించేవారు. కమ్మి తెగేటప్పుడు డయల్ దాని మీదే ఉంటే అదురుకు పాడైపోతుంది. అందుకని కమ్మి సాగడం మొదలవగానే ఆయన మిషన్ ఆపి, డయల్ విప్పి, మళ్ళీ నడిపేవారు. ఆగినంతసేపు లాగుడు కొద్దిగా సడలి, పక్కన పెన్ను కాగితం మీద గీసే గీతలో చిన్న నొక్కు పడేది. నాకు అక్షరం రాకపోయినా ఆ గీత తెలుసు. నిటారుగా ఎక్కుతుంది, ఒక నొక్కు పడుతుంది, తర్వాత వంగి ఒక్కసారిగా ఆగిపోతుంది.

ఖాజా భాయ్ ఎడమచేతి రెండు వేళ్ళు వంగేవి కావు. చిన్నప్పుడు చెరుకు గానుగలో నలిగాయట. అందువల్ల డయల్ విప్పడానికి ఆయనకు సమయం పట్టేది.

"నువ్వు ఇప్పేలోపు నేను చాయ్ తాగొస్త ఖాజా భాయ్" అనేదాన్ని.

"పో, తాగి రా. నాకు గూడ తే. గంతవరకు జర సప్పుడు చేయకు" అనేవారు.

మాట్లాడకూడదు కాబట్టి నేను మనసులో లెక్కపెట్టేదాన్ని. ఎప్పుడు లెక్కపెట్టినా పదకొండుకు డయల్ ఆయన చేతిలోకి వచ్చేది.

ఒక వానాకాలం ఖాజా భాయ్ గుండెనొప్పితో దవాఖానలో చనిపోయారు. నాలుగు నెలలు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచారు. తర్వాత హైదరాబాద్ నుంచి ప్రసాద్ సారు అనే ఇంజనీరు వచ్చారు. ఆయనతోపాటు ఒక కంప్యూటరు వచ్చింది. దాని డబ్బా విప్పి లోపల అరచేయంత కార్డు ఒకటి పెట్టి, మిషన్ నుంచి దానికి వైరు కలిపారు. మిషన్ ఎంత బలంతో లాగుతుందో ఆ కార్డు క్షణక్షణం లెక్క తీసి కంప్యూటరుకు ఇస్తుందని, గీత ఇక కాగితం మీద కాకుండా కంప్యూటరు అద్దం మీదే వస్తుందని చెప్పారు. బలం లెక్క ఒక్కటే చాలని డయల్ తీసి బీరువాలో పెట్టారు. ఇక మధ్యలో ఆపే పని లేదు.

మొదటి కమ్మి పొద్దున పదింటికి లాగారు. మిషన్ ఎక్కడా ఆపలేదు. మోటారు మోత ఒక్కసారి కూడా తగ్గలేదు. అయినా అద్దం మీద గీత ఎక్కి, ఎక్కి, పాత చోటే నొక్కు పడింది.

నేను చూశాను. తెగిన ముక్కలు తీసుకుని తీగతో కట్టాను.

ప్రసాద్ సారు వైరు లూజుగా ఉందేమో అనుకున్నారు. వైరు మార్చారు. కార్డు తీసి తుడిచి మళ్ళీ పెట్టారు. మరో మూడు కమ్ములు లాగితే మూడింటికీ నొక్కు వచ్చింది. సోమవారం మా పిన్నులు కొనే పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చి ఈ పరీక్ష చూడాలి. ఆపకుండా లాగిన కమ్మికి ఆగినట్టు గీత వస్తే వాళ్ళు ఏ లెక్కనూ నమ్మరు.

శుక్రవారం మేనేజరు సారు గదిలోకి వచ్చి నా చేతిలో ఉన్న తడిగుడ్డ వైపు చూశారు.

"గా మిషిని ఖరీదెంతో ఎర్కేనా నీకు? తడిబట్ట పట్టుకొని దాని సుట్టు తిరుగుతవు. వైరు గుంజినవా?"

"వైరు ముట్టలె సారూ. నేను తుడిచింది కింద బండలే."

"మరి దయ్యం గుంజిందా?"

మధ్యాహ్నానికి ఒక కాగితం తెచ్చి వేలిముద్ర వేయమన్నారు. చదివి వినిపిస్తే వేస్తానన్నాను. ప్రసాద్ సారు తల వంచుకుని చదివారు. తడిగుడ్డతో వైరు కదిలించి నేనే మిషన్‌ను చెడగొట్టానని, పని మానేస్తున్నానని అందులో ఉంది. నేను చెయ్యి ముందుకు పెట్టలేదు. "రేపు నన్ను బయట కూసోబెట్టి ఒక్క కమ్మి గుంజున్రి సారూ. గీత మంచిగొస్తే ముద్ర ఏస్త" అన్నాను. మేనేజరు సారు సరే అన్నారు.

శనివారం గది నేను తుడవలేదు. గడప కూడా తొక్కలేదు. ప్రసాద్ సారు లోపల గొళ్ళెం పెట్టుకున్నారు. నేను బయట మెట్టు మీద కూర్చుని మోటారు మోత వింటున్నాను. అది ఒకే తీరుగా సాగింది. కమ్మి తెగిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు తలుపు తెరవలేదు.

తెరిచాక సారు నన్ను లోపలికి పిలిచారు. నొక్కు అక్కడే ఉంది. ఇక దాచి లాభం లేదని, అది డయల్ విప్పే చోటని చెప్పాను. ఖాజా భాయ్ ఎట్లా విప్పేవారో చేతులతో చూపించాను.

"దయ్యాల ముచ్చట నువ్వు గూడ మాట్లాడుతవా అనంతమ్మా" అని నవ్వారు. నవ్వుతూనే, "ఆయనకు ఎంతసేపు పడుతుండె?" అని అడిగారు.

"పదకొండు లెక్కపెట్టేదాక."

సారు నవ్వడం ఆపారు. చేతిలో ఉన్న చీటీ నాకు చూపించి, నాకు చదవడం రాదని గుర్తొచ్చి, తానే చెప్పారు. మిషన్ నడిచినంతసేపూ ఆయన తన చేతి గడియారం చూశారు. కంప్యూటరు రాసుకున్న సమయం దానికంటే పదకొండు సెకన్లు ఎక్కువ ఉంది. ఆ సంగతి అప్పటికి ఆయన ఎవరికీ చెప్పలేదు.

తర్వాత సారు బీరువాలోంచి డయల్ తీశారు. కొత్త కమ్మికి బిగించి, పాత పద్ధతిలో మధ్యలో ఆపి, తానే విప్పారు. ఆయనకు నాలుగు సెకన్లే పట్టింది. గీతలో ఒక్కటే నొక్కు వచ్చింది, నాలుగు సెకన్లది. పదకొండు సెకన్లది రాలేదు. రెండు సమయాలూ సరిపోయాయి. డయల్ లేకుండా ఆపకుండా ఇంకో కమ్మి లాగితే మళ్ళీ పదకొండు. సారు కుర్చీలో కూర్చుని నీళ్ళు అడిగారు.

మేనేజరు సారుకు ఆయన ఖాజా భాయ్ మాట చెప్పలేదు. తలుపు వేసి ఉన్నా నొక్కు వచ్చిందని, నా తప్పు లేదని మాత్రం గట్టిగా చెప్పారు. వేలిముద్ర కాగితం అడిగి తీసుకుని నా ముందే చించేశారు. డయల్ పెట్టి, ఆపి, విప్పి లాగడమే సరైన పద్ధతని రాసి గోడకు అంటించారు. సోమవారం వచ్చినవాళ్ళు అదే పద్ధతి చూసి, బాగుందని చెప్పి వెళ్ళారు.

తర్వాత కార్డును హైదరాబాద్ పంపి పరీక్ష చేయిస్తే లోపం లేదన్నారు. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అలా జరగొచ్చని ప్రసాద్ సారు ఒకసారి నాతో అన్నారు. మరి డయల్ విప్పితే ఎందుకు రాదని అడిగాను. ఆయన గోడ మీది కాగితం వైపు చూసి, డయల్ బిగించడానికి లేచారు.

నేను అక్కడ ఇంకో తొమ్మిదేళ్ళు పనిచేశాను. మిషన్ నడిపేవాళ్ళు ముగ్గురు మారారు. ముగ్గురూ గోడ మీద రాసినట్టే అక్కడ ఆపి, డయల్ విప్పి, మళ్ళీ నడిపారు. ఆపకుండా లాగితే ఏమవుతుందని వాళ్ళు నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఆపకుండా లాగితే ఆ పదకొండు సెకన్లు వస్తాయో రావో నాకు తెలియదు. నేనున్నన్ని రోజులు ఎవరూ లాగి చూడలేదు.